రాజు పేర చెఱువు, కోడలి పేర గుడి

అనంతపుర పట్టణమునకు పొరుగున బుక్కరాయసముద్రమను గ్రామము కలదు. అచ్చట పండమేరు వంకకు అడ్డముగా కట్టిన పెద్ద చెఱువు కలదు. ఊరికిని చెఱువునకును రాజు పేరు. కట్టకును గుడికిని ముసలమ్మ పేరు. రాజు చెఱువు కట్టించి కీర్తి గాంచెను. ముసలమ్మ యను రైతుకోడలు కట్ట తెగకుండుటకై గండిలోనికి నడచి ప్రాణము విడిచి దేవత యయ్యెను. ఈ రెండు కథలను ఆ సీమలో పెద్దలు పిల్లలకు చెప్పుచు వచ్చిరి. చెప్పవలసిన మూడవ కథ మఱియొకటి కలదు. ఆఱువందల యేండ్లకు పైగా ఆ కట్టకు మన్ను మోసిన దెవరు? తూము తెఱచి మూసిన దెవరు? వంకలలోని పూడిక నెత్తిన దెవరు? వారికి పేరును లేదు, గుడియు లేదు. మన చరిత్రములలో వారికి చోటు లేకపోవుటచేత మనకు కలిగిన నష్టము పుస్తకములకు మాత్రమే సంబంధించినది కాదు. నీటికిని, పంటకును, ఇంటి కోడలికిని సంబంధించినది. ఈ మాట నిరూపించుటకే మే మీ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందుగా రాజునకు న్యాయము చేయుదము. మొదటి బుక్కరాయలు 1356వ సంవత్సరమున అన్న హరిహరరాయల పిమ్మట విజయనగర రాజ్యభారము వహించి 1377 వఱకు నేలెను. బహమనీ సుల్తానగు మహమ్మదు షాతో ఘోరయుద్ధములు చేసెను. మాధవ సాయణుల నాదరించి వేదభాష్యములు వ్రాయించెను. మన నాచన సోమనాథునకు అగ్రహార మిచ్చెను. 1368లో జైనులకును శ్రీవైష్ణవులకును కలహము పుట్టగా, రెండు మతములకును భేదము చూపరాదని తీర్పు చెప్పి, ఆ తీర్పును శ్రవణబెళగొళమున శిలపై చెక్కించెను. 1374లో చీనాచక్రవర్తి యొద్దకు రాయబారము పంపెను. ఇవన్నియు పెద్ద పనులే. అందును ఆ మతసామరస్యపు తీర్పు నేటి పాలకులు సైతము చదువదగినది. ఈతని మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరునకు కట్ట వేయించెననియు, కట్ట రెండు కొనలయందు బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను రెండూళ్లు వెలసెననియు, రెండవది రాణి పేరనియు, ఆ పేరే పట్టణమునకు వచ్చెననియు స్థలచరిత్రము చెప్పుచున్నది.

ఈ చెఱువు విలువ తెలియవలెనన్న ఆ నేల యెట్టిదో తెలియవలెను. నైరృతి మేఘములు పడమటి కనుమలమీదనే తమ బరువు దించుకొని అనంతపుర పీఠభూమికి వట్టి గాలులై వచ్చును. ఈశాన్య మేఘములు తూర్పు తీరమున కురిసి ఇచ్చటికి వచ్చుసరికి చిక్కిపోవును. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదియు నాలుగు దినములలో కురిసి నలువది దినములు మొగము చాటు చేయు వాన. అట్టిచోట ఒక వంకకు కట్ట వేసి, పడిన నీటిని పట్టి, వరిమడికి మళ్లించినవాడు ఒక దుర్గము గెలిచినవానికంటె గొప్పవాడు. ఇందులో మాకు సందేహము లేదు. అయినను మన చరిత్రగ్రంథములను విప్పి చూడుడు. రాజు పుట్టుక, పట్టాభిషేకము, బిరుదులు, దండయాత్రలు, దానములు, మరణము. చెఱువులు త్రవ్వించెను, బాటలు వేయించెను, చెట్లు నాటించెను అను మూడు ముక్కలు కడపట. ఏ రాజు చరిత్రము చూచినను ఇదే అచ్చు. చెఱువు త్రవ్వించుట ఒకనాటి పని. దానిని నిలుపుట నిత్యకృత్యము. మొదటిదానికి శాసనము కలదు. రెండవదానికి చెమట తప్ప మఱేమియు లేదు.

రాజు కీర్తిని వ్రాసినవారిలో ఒకతె ఆతని కోడలే. బుక్కరాయల కుమారుడు కంపరాయల భార్య గంగాదేవి సంస్కృతమున 'మధురావిజయము' అను కావ్యము రచించెను. భర్త మధుర సుల్తానుపై సాధించిన గెలుపు అందలి కథ. మొదటి సర్గమున మామగారి వర్ణన కలదు. పూర్వకవులను స్తుతించుచు ఆమె మన తిక్కనను కూడ స్మరించినది. ఈ కావ్యపు తాళపత్రము 1916లో తిరువనంతపురమున దొరకినది. పదునాలుగవ శతాబ్దమున స్త్రీకి విద్య లేదు, లేకుండుటయే మన సంప్రదాయము అని వాదించు ఛాందసులకు ఈ యొక్క గ్రంథము చాలును. విద్య యుండినది, కాని రాజు ఇంట నుండినది. రాజు కోడలికి గంటము దొరకినది. ఆ రాజు పేరనే వెలసిన ఊరిలో రైతు కోడలికి దొరకినదేమో చూడుడు.

ముసలమ్మ కథకు తిథివారములు లేవు. 1853లో సి.పి. బ్రౌను దొర ప్రకటించిన అనంతపుర చరిత్రమున అది యెక్కినది. వానలు విస్తారముగా కురిసినవి, చెఱువు నిండినది, కట్టకు గండి పడబోయినది. ఊరివారు భయమున మ్రొక్కుచుండగా దైవవాణి వినవచ్చినది. ఈ ఊరి బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి యిచ్చినచో కట్ట నిలుచునని ఆ వాక్కు. పేరు ముసలమ్మయే కాని ఆమె వయసులో నున్న యిల్లాలు. అత్తమామలకు మ్రొక్కి, భర్త సెలవు గైకొని, పసుపు కుంకుమలతో గండిలోనికి నడచిపోయినది. కట్ట నిలిచినది. గుడి లేచినది.

1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా నుండిన కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ కథను గైకొని 'ముసలమ్మ మరణము' అను కావ్యము రచించిరి. రాజును గాక, రాణిని గాక, పల్లెటూరి కాపుకోడలిని నాయికగా నిలిపి తెలుగు కవిత్వమునకు క్రొత్తబాట చూపిన ఆ యువకుని సాహసమును మేము మనసార మెచ్చుకొందుము. కాని కావ్యము చదివి కన్నీరు విడిచి పుస్తకము మూయువారిని మేము మెచ్చుకొనజాలము. కన్నీటికి కారణమేమని వారడుగలేదు. ఆమె త్యాగమును పొగడిరి గాని, ఆ త్యాగము ఏల అవసరమయ్యెనని విచారింపలేదు.

మేము విచారింతము. చెఱువుకట్ట ఏల తెగును? వంక నీటితో వచ్చిన ఒండ్రు ఏటేట అడుగున పేరుకొని చెఱువు లోతు తగ్గును. మిగులు నీరు పోవుటకు పెట్టిన మరువ కంపతో, రాళ్లతో మూసుకొనిపోవును. లేక, నాలుగు కుంటల నేల యెక్కువ తడుపుకొను నాశతో ఎవరో దానిమీద మన్ను పోసి యెత్తు చేయుదురు. ఎలుకలును ఎండ్రకాయలును కట్టలో బొఱియలు చేయును. చెట్ల వేళ్లు చొచ్చుకొని పోవును. ఆ సందులవెంట నీరు ఊరి లోపలి మన్నును కడిగివేయును. ఇట్లు పదేండ్లు చూడక విడిచిన కట్టమీద ఒకరాత్రి పెద్దవాన కురిసిన, నీరు కట్టపై నుండి పొర్లును. మట్టికట్టపై నీరు పొర్లిన గడియలో గండి. ఇందులో దేవత కోపమెక్కడ? మనుష్యుల మఱపు తప్ప మఱేమి కలదు? ఆ దైవవాణి బసిరెడ్డి పేరు చెప్పలేదు. మరువను చూడవలసిన ఊరిపెద్దల పేరులు చెప్పలేదు. పన్ను పుచ్చుకొన్న దొరతనమువారి పేరు చెప్పలేదు. చిన్నకోడలి పేరు చెప్పినది. ఏ యింటిలోనైనను లోపము జరిగినప్పుడు ఎవరి పేరు ముందుగా వినవచ్చునో చదువరులు తమ తమ యిండ్లను తలచుకొని చెప్పుదురు గాక.

"ఆమె తనంత తానే పోయెను గదా, ఎవ్వరును త్రోయలేదు గదా" అని కొందఱందురు. సరియే. ఊరంతయు కట్టమీద నిలిచి చూచుచుండగా, దేవత పేరు పెట్టి పిలువగా, అత్తమామల యెదుట చిన్నకోడలు "నేను పోను" అనగలిగియుండెనా? అనలేని చోట "పోవుదును" అనుట సమ్మతి యగునా? లేదనుటకు హక్కు లేనివారి ఔననుట ఔననుట కాదు. "ఇది కథయే గదా, కథమీద ఇంత కోపమేల?" అని మఱికొందఱందురు. కథ కథగా నుండినచో మాకు కోపము లేదు. కాని ఈ కథ ఇంటింట శాసనముగా నున్నది. కోడలు కడుపు మాడ్చుకొన్న 'ముసలమ్మ తల్లివంటిది' అందురు. నిద్ర మానుకొని బిందెలతో నీటికి పోయిన 'ఇంటిలక్ష్మి' అందురు. పొగడ్త ఇచ్చి పని పుచ్చుకొను వర్తకమిది. గుడి కట్టుట చౌక. పూడిక తీయుట ఖర్చు.

బలికథలు పుట్టిన ఆ కాలమున నీటిశాస్త్రము తెలియక అట్లు చేసిరని యనుటకును వీలు లేదు. ఆ బుక్కరాయల కుమారుడే భాస్కర భవదూరుడు 1369లో కడప సీమలోని పోరుమామిళ్లయందు గొప్ప చెఱువు కట్టించి శాసనము వేయించెను. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెఱువునకు రాదగని ఆఱు దోషములను ఆ శాసనము లెక్కించినది. గట్టి నేల, దూరమునుండి వచ్చు తియ్యనీటి యేఱు, రెండు కొండల నడుమ పొడవు మితమైన దిట్టపు కట్ట, లోతును వెడల్పును గల గర్భము, దగ్గఱనే రాతిగని: ఇవి సాధనములలోనివి. కట్టనుండి నీరు కాఱుట, చవుటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, నడుమ దిబ్బ యుండుట, నీరు కొంచెమై నేల విస్తారమగుట, నీరు విస్తారమై నేల కొంచెమగుట: ఇవి దోషములు. నేటి ఇంజనీరు చదివినను తల యూచును. దినమునకు వేయిమంది కూలీలును, రాతికట్టడమునకు నూఱు బండ్లును రెండేండ్లు పనిచేయగా చెఱువు ముగిసెనని కూడ అందు కలదు. ఆ పండ్రెండు సాధనములలో నరబలి లేదు. కోడలు లేదు.

అయినను ఆ పట్టికలోని వరుసను చదువరులు గమనింతురు గాక. మొదటి సాధనము కీర్తికాముడగు ధర్మాత్ముడైన రాజు. రెండవది జలశాస్త్రము నెఱిగిన బ్రాహ్మణుడు. పండ్రెండవది, అనగా కడపటిది, పనితనము గల కూలిజనము. వేయిమంది రెండేండ్లు మోసిన మన్ను పండ్రెండవ స్థానమున నిలిచినది. పదుమూడవ సాధనము, చెఱువు ముగిసిన పిమ్మట దానిని చూచుకొనువారు, ఆ పట్టికలో లేనే లేదు. శాస్త్రము తెలిసినవారికి సైతము ఈ పదుమూడవది తోపకపోవుటయే మన నాగరకతలోని లోపమని మేము చెప్పుచున్నాము.

ఈ లోపమునకు ఫలమేమో నూటయేబది యేండ్ల పిమ్మట కానవచ్చినది. కృష్ణదేవరాయలు తన రాజధానీప్రాంతమున, నేటి హోసపేటకడ, పోర్చుగీసు పనివాని సాయమున పెద్ద చెఱువు కట్టింపబూనెను. ఆ పనిని కన్నులార చూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు పదునైదిరువదివేలమంది చీమలవలె కట్టమీద ఉండిరని వ్రాసెను. కట్ట మాటిమాటికి తెగగా రాయలు బ్రాహ్మణుల నడిగెననియు, దేవతకు రక్తము కావలెనని వారు చెప్పిరనియు, అఱువదిమంది మనుష్యుల తలలును, గుఱ్ఱముల తలలును, దున్నల తలలును గుడివాకిట తెగవేయించెననియు ఆతడే వ్రాసెను. ఆముక్తమాల్యద రచించిన చేయి, భువనవిజయమున కవులను కూర్చుండబెట్టిన చేయి, ఆ యాజ్ఞ యిచ్చినది. మేము రాయల కవిత్వమును తక్కువ చేయుట లేదు. కవిత్వము ఆ అఱువదిమందిని కాపాడలేదని మాత్రము చెప్పుచున్నాము. వారి పేరు లెవ్వరికిని తెలియవు. ముసలమ్మకు గుడియైన దక్కినది.

ఈ దోషము మనకే పరిమితమని తలపవలదు. రాజకీర్తిని చూచి మురియు అలవాటు మనకు సముద్రముల కావలివఱకు ప్రాకినది. 1926లో కలకత్తాయందు బృహద్భారత సంఘ మేర్పడిన పిమ్మట, కంబుజదేశపు అంకోరు ఆలయములను మన దిగ్విజయముగా కొనియాడుట పరిపాటి యయ్యెను. ఆ దేశపు రాజులలో మిక్కిలి ప్రసిద్ధుడు ఏడవ జయవర్మ. ఆతని యేలుబడిని మనము అనంతపుర చెఱువుకట్టపై నిలిచి తూచినచో ఏమి తేలునో చూతము.

1177లో చంపాదేశీయులు అంకోరును కొల్లగొట్టిరి. జయవర్మ వారిని వెడలగొట్టి 1181లో రాజయ్యెను. సుమారు 1218 వఱకు నేలెను. మహాయాన బౌద్ధుడు. తల్లిపేర 1186లో తా ప్రోమ్ ఆలయము కట్టించెను. ఆ శాసనములో రాజ్యమంతట నూటరెండు ఆరోగ్యశాలలు గలవని కలదు. బాటలవెంట నూటయిరువదియొక్క సత్రము లుండెనని ప్రేయా ఖాన్ శాసనము తెల్పుచున్నది. జయతటాకమను పెద్ద జలాశయమును త్రవ్వించెను. రోగికి మందిచ్చిన రాజు యుద్ధము గెలిచిన రాజుకంటె గొప్పవాడు. ఆ కీర్తి ఆతనికి చెల్లవలసినదే. కాని ఆ శాసనమే మఱియొక లెక్క చెప్పుచున్నది. ఆరోగ్యశాలలను పోషించుటకు 838 గ్రామములును 81,640 మంది స్త్రీపురుషులును నియమితులైరి. తా ప్రోమ్ ఆలయ మొక్కదానికే 3,140 గ్రామములును 79,365 మంది జనులును కట్టువడిరి. మన శాసనములు దాచిన లెక్కను ఆ రాజు చెక్కించెను. అందుకు ఆతనికి నమస్కారము. లెక్క కలదు గాని పేరు లక్కడను లేవు.

ఆతని పిమ్మట ఆ దేశమున అంతటి కట్టడము మఱియొకటి లేవలేదు. అంకోరు నగరము జలాశయములమీదను కాలువలమీదను నిలిచిన నగరము. వియత్నాము కొండలలోని ప్రాచీనవృక్షముల వలయములను పరీక్షించి 2010లో పండితులు ప్రకటించిన దేమనగా, పదునాలుగవ శతాబ్దపు నడుమను, పదునైదవ శతాబ్దపు మొదటను ఆ దేశమున దీర్ఘమైన కఱవులు వచ్చినవనియు, నడుమ నడుమ మితిమీఱిన వానలు కురిసి కాలువలను చెఱచినవనియు. అయుత్థయవారి దండయాత్రలు, వర్తకము సముద్రతీరమునకు తరలుట మున్నగు కారణములును తోడై పదునైదవ శతాబ్దమున రాజధాని అచ్చటినుండి తొలగిపోయెను. కాలమును గమనింపుడు. పండమేరునకు మన కట్ట లేచుచున్న ఆ నాళ్లలోనే అంకోరు కాలువలు చెడనారంభించినవి. అక్కడి రాజు మన రాజుకంటె అల్పుడు కాడు. నీరు రాజుల గొప్పతనమును లెక్కపెట్టదు. పూడిక తీసితివా, లేదా అని యొక్కటే అడుగును.

ఆ దేశమునుండి మనము నేర్వదగిన దొకటి కలదు. జయవర్మ రాణి జయరాజదేవి. ఆమె అక్క ఇంద్రదేవి. చెల్లెలు మరణించిన పిమ్మట ఈమెయే రాణి యయ్యెను. ఇంద్రదేవి సంస్కృతమున గొప్ప విదుషి. బౌద్ధవిహారములలో స్త్రీలకు విద్య గఱపెను. చెల్లెలి చరిత్రమును తానే శ్లోకములుగా రచించి శిలపై చెక్కించెను. అందును పతివ్రతాధర్మపు పొగడ్తయే కలదు. అయినను ఒక స్త్రీ చదివి, మఱికొందఱు స్త్రీలకు చదువు చెప్పెనని అది సాక్ష్యమిచ్చుచున్నది. ఇంద్రదేవి, గంగాదేవి, ముసలమ్మ: ఈ మువ్వురును మూడు నీటిసీమల స్త్రీలు. చదువుకొన్న ఇద్దఱు ఇతరుల చరిత్రము వ్రాసిరి. చదువు లేని మూడవ యామె చరిత్రమును ఇతరులు వ్రాసిరి. వ్రాయుటకు ముందు ఆమె చావవలసి వచ్చెను.

ఇక పదుమూడవ సాధనమును గూర్చి. అది మన సీమలో బొత్తిగా లేకపోలేదు. పట్టికలో లేకున్నను పల్లెలో నుండినది. చెఱువు కట్టినవారికిని బాగు చేయువారికిని ఆ చెఱువు క్రింది భూమిలో కొంత దశబంధపు ఇనాముగా నిచ్చి, కట్టను కాపాడు బాధ్యత వారిపై నుంచెడివారు. మడిమడికి నీరు పంచు నీరుగంటికి పంటకళ్లమున గింజలలో మేర యుండెడిది. రాత్రివేళ వాన మ్రోత విని లేచి తూమునొద్దకు పరుగెత్తువాడు ఆతడు. పలు గ్రామములలో ఆతడు దళితుడు. ఊరి పొలములన్నిటికిని నీరు పంచినవాడు ఊరి బావిలో చేద వేయరాదు! ముసలమ్మకు గుడి కట్టిన సమాజము ఈతనికి బావి మూసినది. ఈ రెండు చేతులును ఒక్క సమాజమువే యని మఱవవలదు.

1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసెను. ఇనాములు విచారణలపాలై, కట్టకును భూమికిని గల పాత ముడి సడలినది. 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధశ్రమ చట్టము చేసినది. కట్ట తెగబోవునపుడు గ్రామస్థులను బలవంతముగా పనికి పిలుచుట దాని ప్రధానోద్దేశము. గండి పడిననాడే కూలివానిని జ్ఞప్తికి తెచ్చుకొను చట్టమునకును, గండి పడిననాడే కోడలిని జ్ఞప్తికి తెచ్చుకొను దేవతకును ఏమి భేదము? మిగిలిన మూడువందల అఱువది దినములు ఇరువురికిని వారు కనబడరు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున దత్తమండలములు శవముల దిబ్బలయ్యెను.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట తుంగభద్రనుండి ఎగువ కాలువ వచ్చినది. పిదప హంద్రీ-నీవా వలన కృష్ణాజలములు వచ్చినవి. సంతోషమే. కాని వచ్చిన నీరు నిలుచుటకు చెఱువులు కావలెను గదా. బోరుబావుల మోజున చెఱువులు అనాథలయ్యెను. వంకలలో ఇండ్లు లేచెను. దాని ఫలము కన్నులార చూచితిమి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపుర కాలనీలను ముంచినది. 2024 అక్టోబరులో ఎగువ కనగానపల్లి చెఱువు తెగి, పండమేరు పొంగి పట్టణపు అంచు కాలనీలలోనికి వచ్చినది. దేశములో కడు ఎండిన సీమలలో నొకటి నీట మునిగినది! మునిగిన వెవరి యిండ్లు? పల్లమున చౌకగా స్థలము దొరకిన బీదల యిండ్లు. బలి నేటికిని ఆగలేదు. దైవవాణి మాత్రము ఆగినది. నేడు ఎవ్వరి పేరును పిలువకయే బలి గైకొనుచున్నాము.

"అన్నియు ప్రభుత్వము చేయవలెను, మేమేమి చేయగలము?" అని గృహస్థులడుగవచ్చును. ప్రభుత్వము చేయవలసినది చేయవలెను; అడుగుట మన విధి. 1997లో ఆంధ్రప్రదేశమున రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టము వచ్చి, ఆయకట్టులో భూమి గలవారు నీటిసంఘములుగా ఏర్పడి చెఱువును చూచుకొను అధికారము కలిగినది. మంచిది. కాని ఆయకట్టులో భూమి ఎవరి పేర నున్నది? 1986లోనే మన రాష్ట్రపు చట్టము కూతురికి పిత్రార్జితములో కొడుకుతో సమానమైన హక్కు నిచ్చెను. 2005లో దేశమంతట వచ్చెను. ఎన్ని యిండ్లలో కూతురిచేత 'నాకు వలదు' అని వ్రాయించుకొనక పంచి యిచ్చిరి? ఇచ్చటను 'తనంత తానే' అను మాటయే వినవచ్చును. ముసలమ్మ గండిలోనికి తనంత తానే నడచినట్లు, మన ఆడుబిడ్డలు దస్తావేజుపై తమంత తామే సంతకము చేయుచున్నారు. భూమి లేనిచో సంఘములో మాట లేదు. మాట లేనిచో మరువ మూసుకొనిపోయినదని చెప్పువారు లేరు. నీళ్ల కఱవు బిందె మోయు దానికి ముందుగా తెలియును. తెలిసినదానికి నోరు లేదు. ఈ గొలుసు చెఱువునొద్ద మొదలై పడమటింట ముగియుచున్నది.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, పిల్లలకు రాజుల చరిత్రము చెప్పునపుడు ప్రతి చెఱువునకును మూడు ప్రశ్నలు చేర్పుడు: దీనిని కట్టిన చేతు లెవరివి? దీనిని నిలిపిన దెవరు? దీనికి నష్టపడిన దెవరు? ఈ ప్రశ్నలకు నిలిచిన రాజు నిజముగా గొప్పవాడు. నిలువని రాజు బిరుదులు మాత్రమే గలవాడు. రెండవది, ముసలమ్మకు మ్రొక్కువారు మ్రొక్కుదురు గాక. కాని కొబ్బరికాయ కొట్టుటకు ముందు కట్టమీది కంప నఱుకుడు, మరువలోని రాళ్లు తీయుడు, వంక హద్దురాళ్లు ఎక్కడ నున్నవో లెక్కపెట్టుడు. ఆమె కోరదగిన నైవేద్యము మఱొక ముసలమ్మ అక్కఱలేకుండ చేయుటయే. మూడవది, మీ యింటి పట్టాలో కూతురి పేరు వ్రాయింపుడు. నీటిసంఘపు సభకు ఆమెను పంపుడు. అచ్చట ఆమె "కాదు" అన్నచో విని ఊరకుండుడు.

బుక్కరాయలు ఒక చెఱువు నిచ్చెను. దానిని ఉంచుకొనుటకు రాజు అక్కఱలేదు, బలియు అక్కఱలేదు. ఏటేట వానకు ముందు పది గంపల పూడిక, ఏటేట సభలో ఒక స్త్రీ నోట నిర్భయముగా వచ్చు ఒక మాట, ఈ రెండును చాలును. ఇవి చేయనిచో మన బిడ్డలకు మిగులునది రాజు పేరును, గుడి గంటయును మాత్రమే, నీరు మిగులదు.